చిడతల చప్పుడు, తంబుర శ్రుతి: పాటలు కుదించడానికి ఏ ఎన్‌కోడర్, ఏ సెట్టింగు?

మా మేనల్లుడు విశాఖలో ఉద్యోగం చేస్తున్నాడు, వారానికోసారి రైల్లో విజయనగరం వస్తాడు. పోయిన నెల ఫోను నా చేతిలో పెట్టి, "మావయ్యా, తాతగారి కచేరీలన్నీ ఇందులో వేసివ్వు. జాగా మాత్రం తక్కువగా ఉంది" అన్నాడు. అదే వారంలో సాలూరు నుంచి అక్క కారులో వినడానికి పెన్‌డ్రైవ్ అడిగింది. పాలకొండ బాబాయిది మీటల ఫోను. అందులో 4 జీబీ కార్డు, ఆయనకు కావలసినవి హరికథలు. ముగ్గురికీ ఒకే ఫైళ్ళు ఇవ్వడం తేలికే. అలా చేస్తే ఒకరికి అనవసరంగా జాగా పోతుంది, ఒకరికి పాట మసకబారుతుంది, ఒకరి ఫోనులో అసలు మోగదు. ఈ మూడు పనులూ చేస్తూ నేను తేల్చుకున్నవే ఇక్కడ రాస్తున్నాను.

పాటను కుదించి చిన్న ఫైలుగా చేసే ప్రోగ్రామే ఎన్‌కోడర్. చాలామంది మొదట అడిగే ప్రశ్న "ఎన్ని కేబీపీఎస్ పెట్టాలి?" అని. అంటే ఒక సెకను పాటకు ఎన్ని వేల బిట్లు ఖర్చు చేయాలని, దాన్నే బిట్ రేటు అంటారు. అంకె పెరిగితే నాణ్యత పెరుగుతుందన్న లెక్క ఒకే ఎన్‌కోడర్ లోపల నిజం, రెండు ఎన్‌కోడర్ల మధ్య నిజం కాదు. మంచి ఎన్‌కోడర్ 128 దగ్గర చేసిన పని నాసిరకం ఎన్‌కోడర్ 192 దగ్గర కూడా చేయలేకపోవచ్చు. ఏ సంగీతం, ఏ ఎన్‌కోడర్, ఎక్కడ వింటారు అనే మూడూ తెలిస్తేనే ఆ అంకెకు అర్థం వస్తుంది.

ముందు అసలు ప్రతి

ఎన్‌కోడర్ల సంగతికి ముందు నా బాధ ఒకటి చెప్పాలి. చాలా ఏళ్ళ క్రితం నాన్నగారి క్యాసెట్లు కొన్ని ఒక దుకాణంలో ఇచ్చి కంప్యూటర్‌లోకి ఎక్కించాను. వాళ్ళు అన్నింటినీ 128 కేబీపీఎస్ ఎంపీ3లుగా చేసి ఒక సీడీలో ఇచ్చారు. పని అయిపోయిందనుకుని క్యాసెట్లను అటక మీద పెట్టాను. రెండు వానాకాలాలు గడిచేసరికి టేపులకు బూజు పట్టింది. ఇప్పుడు ఆ కచేరీలకు మిగిలింది ఆ ఎంపీ3లే. వాటిని ఏ గొప్ప ఫార్మాట్‌లోకి మార్చినా పోయినది తిరిగి రాదు. పైగా ప్రతి మార్పిడిలో ఇంకొంచెం పోతుంది, ఎందుకంటే రెండో ఎన్‌కోడర్ మొదటిదాని మరకలను కూడా సంగీతమే అనుకుని వాటి మీద బిట్లు ఖర్చు పెడుతుంది.

అందుకే సీడీ అయినా, క్యాసెట్ అయినా, ముందు ఫ్లాక్ అనే నష్టం లేని ఫార్మాట్‌లో దాచండి. సీడీ ధ్వని సెకనుకు 44,100 నమూనాలు, నమూనాకు 16 బిట్లు, రెండు చానళ్ళు, అంటే 1,411 కేబీపీఎస్. గంటకు 635 ఎంబీ. ఫ్లాక్ దాన్ని సగానికో, అంతకన్నా కొంచెం ఎక్కువకో తగ్గిస్తుంది, ఒక్క బిట్టు కూడా మారదు. వంద గంటల కచేరీలు 40 జీబీ లోపల పట్టే అవకాశం ఉంది. ఒక బయటి హార్డ్ డిస్క్‌లో అది చిన్న మూల. రెండో డిస్క్‌లో నకలు పెట్టండి. అది ఉంటే పదేళ్ళ తర్వాత ఇంకా మంచి ఎన్‌కోడర్ వచ్చినా మళ్ళీ మొదటి నుంచి చేసుకోవచ్చు. ఇక్కడి నుంచి నేను చెప్పేదంతా ఆ ఫ్లాక్ నుంచి తీసే నకళ్ళ గురించే.

మన సంగీతంలో ఎన్‌కోడర్ తడబడే చోట్లు

నష్టంతో కుదించడం అంటే చెవికి వినిపించదనుకున్న దాన్ని వదిలేయడం. పెద్ద శబ్దం ఒకటి మోగుతున్నప్పుడు దాని పక్క శ్రుతిలో ఉన్న చిన్న శబ్దం మన చెవికి అందదు, పెద్దది చిన్నదాన్ని కప్పేస్తుంది. ఎన్‌కోడర్ పాటను చిన్న చిన్న ముక్కలుగా కోసి, ప్రతి ముక్కలో ఏ శ్రుతి ఎంత గట్టిగా ఉందో లెక్కగట్టి, ఆ కప్పు కింద పట్టేంత రణగొణను అనుమతిస్తుంది. ఈ లెక్క బాగా కుదిరితే మూలానికీ నకలుకీ తేడా తెలియదు. అది చెడే చోట్లు రెండు. మా ఊళ్ళో పెరిగినవారికి ఆ రెండూ బాగా పరిచయమైన శబ్దాలే.

మొదటిది దెబ్బ. విజయనగరం సంగీత కళాశాల 1919లో మొదలైనప్పుడు దాని తొలి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు, హరికథా పితామహుడు. ఇక్కడ హరికథ వినని ఇల్లు తక్కువ. హరికథలో చిడతలు, గజ్జెలు ఎన్‌కోడర్‌కు కఠిన పరీక్ష. నిశ్శబ్దంలో టక్కుమని ఒక చిడత మోగుతుంది. ఎంపీ3 ఆ క్షణాన్ని కోసే ముక్క సుమారు 26 మిల్లీసెకన్లు. లెక్కలో వచ్చిన రణగొణ ఆ ముక్క అంతటా పరుచుకుంటుంది కాబట్టి చిడత మోగడానికి ముందే సన్నని బుస వినిపిస్తుంది. దెబ్బ తర్వాత వచ్చే బుసను చెవి క్షమిస్తుంది, ముందు వచ్చేదాన్ని కొద్ది మిల్లీసెకన్లకు మించి క్షమించదు. విన్నవారికి అది బుసలాగా కాక, చిడత అంచు అరిగినట్టుగా, దూదిలో చుట్టి కొట్టినట్టుగా తెలుస్తుంది. ఐరోపాలో ఎన్‌కోడర్లను పరీక్షించేవారు దీనికోసం కాస్టనెట్లు వాడతారు. మనకు చిడతలున్నాయి. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో తప్పెటగుళ్ళు ఆడేవారు గుండెకు కట్టుకున్న రేకు తప్పెట మీద వేసే దరువు, కాళ్ళ గజ్జెలతో కలిసి, ఇంకా కఠినమైన పరీక్ష. పది మంది ఒకేసారి వాయిస్తే ఎన్‌కోడర్‌కు ఊపిరి తీసుకునే సందు ఉండదు.

రెండోది దీనికి పూర్తిగా ఎదురు, కదలకుండా సాగే నాదం. తంబుర శ్రుతి. దానిలో పదుల కొద్దీ సన్నని స్వరాంశాలు పక్కపక్కనే నిలబడి ఉంటాయి. వాటిని విడదీయాలంటే ముక్క పొడవుగా ఉండాలి. చిడతకు ముక్క పొట్టిగా ఉండాలి. ఈ రెండు కోరికలూ ఒకదానికొకటి పడవు, ప్రతి ఎన్‌కోడర్ ఈ రెంటి మధ్య ఏదో ఒక బేరం కుదుర్చుకుంటుంది. బిట్ రేటు చాలకపోతే తంబుర నీళ్ళలో మోగినట్టు వణుకుతుంది. వయొలిన్ గమకం వెనక ఆ వణుకు ఒకసారి పట్టుబడిందంటే ఇక వినకుండా ఉండలేం.

బొబ్బిలి వీణలో ఈ రెండూ ఒకేచోట ఉంటాయి. ఒకే పనస దుంగ నుంచి తొలిచిన ఆ వీణ మీద మీటు పడిన క్షణం చిడత లాంటిది, తర్వాత సాగే నాదం తంబుర లాంటిది. ఏ ఎన్‌కోడర్‌ని పరీక్షించినా నేను మొదట పెట్టేది పది సెకన్ల వీణ, తర్వాత పది సెకన్ల చిడతలు.

నాలుగు ఫార్మాట్లు, వాటి ఎన్‌కోడర్లు

ఎంపీ3 వయసు మళ్ళినది, కానీ మోగని చోటు లేదు. జర్మనీలోని ఫ్రాన్‌హోఫర్ సంస్థ పరిశోధన నుంచి వచ్చింది, ప్రమాణంగా 1990ల మొదట్లోనే స్థిరపడింది. దాని పేటెంట్ల లైసెన్సు కార్యక్రమం 2017లో ముగిసింది కాబట్టి ఇప్పుడు ఎవరైనా స్వేచ్ఛగా వాడుకోవచ్చు. ఎంపీ3 చేయాలంటే లేమ్ అనే ఎన్‌కోడర్ తప్ప మరొకటి వద్దు. రెండు దశాబ్దాలు శ్రోతలు చెవులతో పట్టుకున్న తప్పులను ఒక్కొక్కటిగా దిద్దుకుంటూ వచ్చిన ఎన్‌కోడర్ అది. 2017లో వచ్చిన 3.100 నేటికీ పూర్తిగా సరిపోతుంది.

లేమ్‌లో బిట్ రేటు కాక నాణ్యత స్థాయిని ఎంచుకోండి. వి2 పెడితే సగటున 190 కేబీపీఎస్ చుట్టూ వస్తుంది, కష్టమైన చోట పెరుగుతుంది, సులువైన చోట తగ్గుతుంది. వి0 సుమారు 245. వి5 సుమారు 130. నా సలహా వి2. చాలామంది "మంచిది కదా" అని స్థిరంగా 320 పెడతారు. అందులో నాకు కనిపించే లాభం చాలా తక్కువ. గంటకు 144 ఎంబీ అవుతుంది, వి2 అయితే 85 దగ్గర ఆగుతుంది. చిడత ముందు వచ్చే బుస ఎంపీ3 ఫార్మాట్ పుట్టుకలోనే ఉంది, కొన్ని చోట్ల 320 కూడా దాన్ని పూర్తిగా మాయం చేయలేదు. ఇంకో సంగతి, 16 కిలోహెర్ట్జ్ పైన ఉన్న భాగానికి ఎంపీ3లో ప్రత్యేక సర్దుబాటు లేదు. అక్కడి సన్నని శబ్దాన్ని నిలబెట్టాలంటే మిగతా అంతటికీ బిట్లు పెంచాల్సి వస్తుంది. తాళాలు, గజ్జెలు ఎక్కువగా ఉన్న పాటకు వి0 ఫైలు ఉబ్బడానికి ఒక కారణం ఇదే.

ఏఏసీ ఆ బేరాన్ని మెరుగ్గా కుదుర్చుకుంది. దాని పొడవు ముక్క ఎంపీ3 పొడవు ముక్క కన్నా పొడవు, పొట్టి ముక్క ఎంపీ3 పొట్టి ముక్క కన్నా పొట్టి. అందుకే తంబురకూ చిడతకూ ఒకేసారి మేలు. కానీ ఏఏసీ అనేది ఒక ఎన్‌కోడర్ పేరు కాదు. అది ఎవరు చేశారన్న దాని మీద నాణ్యత మారిపోతుంది. యాపిల్ ఎన్‌కోడర్ వీటిలో మేలైనది, విండోస్‌లో కూడా క్యూఏఏసీ అనే చిన్న ప్రోగ్రాం ద్వారా దాన్ని వాడుకోవచ్చు. అందులో నాణ్యత 91 పెడితే సగటు 192 దగ్గర, 64 పెడితే 128 దగ్గర వస్తుంది. ఫ్రాన్‌హోఫర్ వారి ఎఫ్‌డీకే కూడా మంచిదే. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే ఉచిత మార్పిడి ప్రోగ్రాంలో వచ్చే సొంత ఏఏసీ ఎన్‌కోడర్ ఒకప్పటికన్నా చాలా మెరుగైంది, అయినా 128, అంతకన్నా కిందకు దిగితే నేను దాని జోలికి వెళ్ళను. ఐఫోన్ ఉన్నవారికి, కొత్త కార్లలో వినేవారికి ఏఏసీ మంచి మధ్యేమార్గం. హెచ్‌ఈ ఏఏసీ అన్న పేరు కనిపిస్తే, అది 64 కేబీపీఎస్, అంతకన్నా తక్కువ కోసం పుట్టినది. పై శ్రుతులను కింది శ్రుతుల నుంచి ఊహించి మళ్ళీ అల్లుతుంది. మాటలకు, రేడియోకు సరే, వీణకు వద్దు.

ఓపస్ 2012లో ప్రమాణంగా వచ్చింది. ఎవరికీ రుసుము లేదు. వాట్సాప్‌లో వచ్చే మాటల సందేశాలు ఓపస్‌లోనే ఉంటాయి, కాబట్టి పేరు తెలియకపోయినా అందరూ రోజూ వింటున్నదే. సాధారణంగా 20 మిల్లీసెకన్ల ముక్కతో పని చేస్తుంది, అవసరమైతే 2.5 మిల్లీసెకన్లకు దిగుతుంది. అందుకే చిడతల దగ్గర దానికి ఎదురు లేదు. పొడవు ముక్క లేకపోవడం తంబుర దగ్గర బలహీనత కావాలి, కానీ ఎన్‌కోడర్ నిలకడగా సాగే నాదాన్ని గుర్తుపట్టి అక్కడ బిట్లు పెంచుతుంది. దాని బిట్ రేటు మార్చుకునే పద్ధతిని మొదటి నుంచే తెరిచి పెట్టారు, దాన్ని మూసి స్థిరంగా పెట్టకండి. సీడీ 44.1 కిలోహెర్ట్జ్‌ని ఓపస్ లోపల 48కి మారుస్తుంది. దాని గురించి భయపడేవారున్నారు, ఆ మార్పు వినబడదు. స్టీరియో సంగీతానికి 128 పెట్టండి. ఫోను జాగా ఇరుకైతే 96. 2014లో శ్రోతలు పాల్గొన్న ఒక బహిరంగ పోలిక పరీక్షలో 96 దగ్గర ఓపస్ మొదటి స్థానంలో, యాపిల్ ఏఏసీ దాని వెనక నిలిచాయి. నా చెవులకు తెలిసిందీ అదే.

ఓపస్‌కు ముందు వచ్చిన ఉచిత ఫార్మాట్ వోర్బిస్ కూడా మంచిదే, నాణ్యత 5 పెడితే 160 చుట్టూ వస్తుంది. కానీ అది మోగే దాదాపు ప్రతి చోటా ఇప్పుడు ఓపస్ కూడా మోగుతుంది కాబట్టి కొత్తగా మొదలుపెట్టేవారికి దాన్ని చెప్పను. పాత వోర్బిస్ ఫైళ్ళు ఉంటే వాటిని మార్చకండి, అలాగే ఉంచండి.

క్యాసెట్లు ఉన్నవారికి

పాత రికార్డింగుల్లో చాలావరకు మోనో. ఒకే మైకు, ఒకే చానల్. దాన్ని స్టీరియో డెక్‌లో పెట్టి ఎక్కిస్తే రెండు చానళ్ళు వస్తాయి, చూడడానికి స్టీరియో. కానీ రెండింటిలోనూ టేపు రొద వేరువేరుగా ఉంటుంది. డెక్‌లో టేపును చదివే తల (హెడ్) కొంచెం వాలి ఉంటే రెండు చానళ్ళ మధ్య కాలం కూడా కొద్దిగా తేడా పడుతుంది. ఎన్‌కోడర్ ఈ లేని తేడాను నిజమైన స్టీరియో అనుకుని బిట్లు పోస్తుంది. ఆడియో ఎడిటర్‌లో ముందు తల వాలు సరిచూసుకుని, రెండింటినీ కలిపి మోనో చేసి, తర్వాత ఎన్‌కోడ్ చేయండి. రొద కూడా కొంత తగ్గుతుంది, ఫైలు సగమవుతుంది.

రొద గురించి ఇంకొక్క మాట. టేపు రొద ఒక క్రమం లేని శబ్దం కాబట్టి దాన్ని కుదించడం ఎన్‌కోడర్‌కు చాలా ఖరీదు. నాణ్యత స్థాయితో చేస్తే, నిశ్శబ్దంగా ఉండాల్సిన చోట కూడా బిట్ రేటు ఎక్కుతుంది. ఒక సీడీ కన్నా పాత క్యాసెట్ ఫైలు పెద్దదిగా వస్తే ఆశ్చర్యపోకండి. రొదను తీసేసే ఫిల్టర్లను మాత్రం బలంగా వాడకండి. తంబుర పై శ్రుతులు ఆ రొదలోనే కలిసి ఉంటాయి, దాన్ని ఊడ్చేస్తే తంబుర కూడా పోతుంది.

నిజమైన స్టీరియో పాటలకు "జాయింట్ స్టీరియో" అన్న మాట చూసి దాన్ని మార్చేవారున్నారు, ఎడమ కుడి కలిసిపోతాయేమోనని. కలవవు. రెండు చానళ్ళలో ఉమ్మడిగా ఉన్నదాన్ని ఒకసారి, తేడాను ఇంకోసారి రాయడం అది. లేమ్ ఏ క్షణానికి ఏది మంచిదో చూసి తానే ఎంచుకుంటుంది. వదిలేయండి.

ఆలాపన తెగకూడదు

కచేరీ సీడీల్లో రాగాలాపన ఒక ట్రాక్, కృతి ఇంకో ట్రాక్‌గా కోస్తారు. మధ్యలో శబ్దం ఆగదు, తంబుర సాగుతూనే ఉంటుంది. ఎంపీ3 ప్రతి ఫైలు మొదట్లోనూ చివరా కొద్దిగా ఖాళీ చేరుస్తుంది. లేమ్ ఆ ఖాళీ ఎంతో ఫైలులో రాసి పెడుతుంది, మంచి ప్లేయర్ దాన్ని చదివి తీసేస్తుంది. కారు స్టీరియోలు చాలావరకు చదవవు. అప్పుడు ఆలాపన ముగిసి పల్లవి అందుకునే చోట టిక్కుమని తెగుతుంది. వినేవారికి అది గుండెలో గుచ్చుకున్నట్టే ఉంటుంది. ఓపస్, వోర్బిస్‌లలో ఈ లెక్క ఫార్మాట్‌లోనే ఉంది కాబట్టి సమస్య దాదాపు రాదు. ఎంపీ3 తప్పదంటే ఆలాపన, కృతి, తని ఆవర్తనం కలిపి ఒకే ఫైలుగా చేయండి. అక్క పెన్‌డ్రైవ్‌కు నేను అదే చేశాను.

మీ చెవితో తేల్చుకోవడం

ఫైలు పేరు చూస్తూ విన్నంతకాలం 320 బాగుందనిపిస్తుంది, 128 మసకగా ఉందనిపిస్తుంది. పేరు కనపడకుండా వినాలి. ఫూబార్2000 అనే ఉచిత ప్లేయర్‌కు ఏబీఎక్స్ అనే పరీక్ష జోడించుకోవచ్చు. అది మూలాన్ని, నకలును చూపించి, మూడోది ఇస్తుంది. మూడోది ఆ రెండింటిలో ఏదో మీరు చెప్పాలి. 16 సార్లు చేయండి. ఊరికే ఊహించినా 12, అంతకన్నా ఎక్కువ సరిగా చెప్పే అవకాశం 4 శాతం లోపే. కాబట్టి 12 వస్తే తేడా మీకు నిజంగా వినిపించిందన్నమాట. పూర్తి పాట కాక, మీరు అనుమానించిన 5 నుంచి 10 సెకన్ల ముక్కనే పెట్టండి. నకలు శబ్దం ఒక్క పిసరు ఎక్కువగా ఉన్నా అదే బాగున్నట్టు అనిపిస్తుంది కాబట్టి రెండూ ఒకే గట్టిదనంలో ఉండేట్టు సరిచూసుకోండి.

నేను చేసినప్పుడు లేమ్ వి5లో చిడతలు 16కు 15 సార్లు పట్టుకున్నాను. వి2లో 9 దగ్గర ఆగిపోయాను. ఓపస్ 96లో వీణ మీటు దగ్గర 13 వచ్చాయి, 128లో 7. నా వయసులో 14 కిలోహెర్ట్జ్ పైన వినిపించదు కాబట్టి మా మేనల్లుడినీ కూర్చోబెట్టాను. అతను వి2లో గజ్జెలు 12 సార్లు పట్టుకున్నాడు. ఓపస్ 128లో పట్టుకోలేదు. అతని ఫోనుకు ఏది వేయాలో అప్పుడు తేలిపోయింది.

బ్లూటూత్ చెవిపోగుల్లో వినేవారికి ఒక సంగతి. ఫోను ఆ పాటను విప్పి, బ్లూటూత్ కోసం మళ్ళీ కుదించి పంపుతుంది. సాధారణంగా ఉండే ఎస్‌బీసీ పద్ధతిలో అది 328 కేబీపీఎస్ దగ్గర జరుగుతుంది, చెవిపోగులు చవకవైతే ఇంకా తక్కువ. ఆ రెండో కుదింపు దగ్గర మీరు 128 పెట్టినదీ 320 పెట్టినదీ దాదాపు ఒకటే అవుతాయి. పరీక్ష తీగ ఉన్న హెడ్‌ఫోన్లతో చేయండి.

ముగ్గురికీ ఇచ్చినవి

మేనల్లుడికి ఓపస్ 128. గంటకు 58 ఎంబీ లోపే. వంద గంటలు 6 జీబీలో సర్దాను. అతని ఆండ్రాయిడ్ ఫోనులో నేరుగా మోగింది. ఐఫోన్ ఉన్నవారు వీఎల్‌సీ లాంటి ప్లేయర్ వేసుకోవాలి, లేదంటే యాపిల్ ఏఏసీ నాణ్యత 91 తీసుకోవాలి. రైల్లో ఎలాగూ చక్రాల చప్పుడే సగం, అక్కడ వినడానికి మాత్రమే అయితే 96 చాలునని చెప్పాను. అతను 128నే అడిగాడు, రాత్రి గదిలో వింటాడట.

అక్కకు లేమ్ వి2, 16 జీబీ పెన్‌డ్రైవ్‌లో, ఫ్యాట్32గా ఫార్మాట్ చేసి. పాత కారు సెట్లు కొన్ని మారే బిట్ రేటును సరిగా చదవలేక నిమిషాలు తప్పుగా చూపిస్తాయి. అలాంటిది ఉంటే స్థిరంగా 192 పెట్టండి. ఫైలు పేర్లు తెలుగులో పెడితే ఆ సెట్టు తెరపై డబ్బాలు కనిపించాయి. పేర్ల ముందు 01, 02 అని అంకెలు వేస్తే వరుస చెదరలేదు.

బాబాయికి మోనో ఎంపీ3, లేమ్‌లో 80 కేబీపీఎస్. గంటకు 36 ఎంబీ, ఆయన 4 జీబీ కార్డులో వంద గంటలకు పైగా హరికథ పట్టింది. అంతా ఒకే మైకు ముందు రికార్డయినదే కాబట్టి మోనో వల్ల పోయింది ఏమీ లేదు. 80లో చిడత అంచు కొంచెం మెత్తబడింది, ఆ చిన్న స్పీకరులో అది తెలియలేదు. ఆయన వినేది ప్రధానంగా సాహిత్యం, ఆ మాట స్పష్టంగా ఉంది. అటక మీద ఇంకా నలభై క్యాసెట్లు ఉన్నాయి. ఈ వానలు మొదలయ్యేలోపు వాటిని ఫ్లాక్‌లోకి ఎక్కించాలి, డెక్ తల శుభ్రం చేసి ఆదివారం మొదలుపెడుతున్నాను.